ఒంటిచేతి కోలాటం

కాకినాడ జగన్నాథపురంలో లోవకుమారి అని ఒక అమ్మాయి ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టకముందే విస్తరి వేసుక్కూర్చునే తొందర ఆమెది. పదో తరగతి ఆఖరి పరీక్ష రాసొచ్చిన సాయంత్రమే పాసైపోయానని వీధంతా కాజాలు పంచింది. తరవాత నిజంగానే పాసైందనుకోండి, అది వేరే సంగతి. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే నీ వరస!" అని తల్లి సత్యవేణి నెత్తి కొట్టుకునేది.

లోవకు పుట్టుకతోనే తలసీమియా అనే జబ్బు ఉంది. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే జబ్బు అది. ఒంట్లో మంచి రక్తం తగినంత తయారుకాదు. అందుకని నెలనెలా ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఎక్కించుకోవాలి. అక్కడితో అయిపోతే బాగానే ఉండును. ఎక్కించిన రక్తంతో పాటు ఇనుము కూడా ఒంట్లో చేరుతుంది. తనంతట తాను బయటికి పోలేక అది గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని తోలెయ్యడానికి రోజూ పరగడుపున మాత్ర ఒకటి నీళ్ళలో కలుపుకుని తాగాలి. సుద్దముక్క అరగదీసి కలిపినట్టుండే ఆ నీళ్ళంటే లోవకు ప్రాణసంకటం. అయినా చిన్నప్పటి నుంచీ ముక్కు మూసుకుని తాగేది.

ఆసుపత్రిలో రక్తం ఎక్కించే హాలు మాత్రం ఆమెకు తిరునాళ్ళే! గురువారం వచ్చే పిల్లలంతా ఒక జట్టు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచం మీద ఉండాలంటే ఎవరికి మాత్రం తోస్తుంది? లోవ వాళ్ళకు కోలాటం నేర్పింది. ఒక చేతికి సూది ఉంటుంది కదా, అందుకని ఒంటిచేతి కోలాటం! నర్సు గ్రేసమ్మ విసుక్కుంటూనే ఒక మంచం మీది బిడ్డకు ఎడమ చేతికీ, పక్క మంచం మీది బిడ్డకు కుడి చేతికీ సూది పెట్టేది. మంచాల మధ్య ఖాళీ చేతులు రెండూ ఎదురయ్యేవి. ఇక చూడండి! లోవ పాట ఎత్తుకునేది, హాలంతా టకటకమని కర్రలు మోగేవి. పై అంతస్తు రోగులు కూడా మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడేవారు.

ఆ గుమ్మంలో ఒకరోజు సముద్రతీర ఉత్సవాలు జరిపించే పెద్దమనిషి కూడా నిలబడ్డాడు. "ఈసారి మా వేదిక మీద మీ జట్టే ఆడాలి" అన్నాడు. పిల్లల కేకలకు గ్రేసమ్మ చెవులు మూసుకుంది. జట్టుకు నాయకురాలు ఎవరో అడగక్కర్లేదు. లోవ ఆ రోజే పట్టు పరికిణీకి కొలతలిచ్చేసింది.

సరిగ్గా అప్పుడే ఇంకో సంబరం వచ్చిపడింది. లోవకు పద్దెనిమిదేళ్ళు నిండాయి. డాక్టర్ సుభద్ర ఆమెను పిలిచి, "చర్మం కింద వేసే కొత్త సూదిమందు ఒకటి ఉంది. నీ వయసు వాళ్ళకు ఇవ్వవచ్చు. అందరికీ పనిచెయ్యదు. పనిచేస్తే మాత్రం రక్తం ఎక్కించుకోవడం తగ్గుతుంది. చూద్దామా?" అంది.

"ఇప్పుడే వేసెయ్యండి డాక్టరమ్మా!" అంది లోవ, చెయ్యి చాపేసి.

మందు పనిచేసింది! రెండు మూడు సూదులు పడ్డాక ఒక గురువారం పరీక్ష చేసి, "ఈ నెల నీకు రక్తం అక్కర్లేదు" అని డాక్టరమ్మ చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక లోవ ఆ మాట వినడం అదే మొదటిసారి. హాల్లో గిర్రున తిరిగింది. గ్రేసమ్మను ఎత్తబోయింది. "నాకు తగ్గిపోయిందోచ్!" అని అరిచింది. ఇంట్లో సత్యవేణి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

"తగ్గిపోలేదమ్మా, రక్తం ఎక్కించే గడువు పెరిగింది. మాత్ర మాత్రం మానకు" అని డాక్టరమ్మ అక్కడ హాల్లోనే వెనక నుంచి అంటూనే ఉంది. ఆ సందట్లో ఎవరు విన్నారు?

మర్నాడు పొద్దున్న లోవ మాత్ర కలిపిన గ్లాసు చేత్తో పట్టుకుని ఆలోచించింది. 'రక్తమే ఎక్కించనప్పుడు ఇనుమెక్కడి నుంచి వస్తుంది?' అనుకుంది. లెక్క బ్రహ్మాండంగా కుదిరినట్టు తోచింది. గ్లాసు తూములో ఒంపేసింది.

ఇంటి ముందు తను నడిపే ఇడ్లీ బండి దగ్గర నుంచి తల్లి కేకేసింది. "లోవా, మాత్ర ఏసుకున్నావేంటే?"

"ఏసేసుకున్నానమ్మా!"

ఆ రోజు మొదలు రోజూ అదే వరస. ఒంట్లో కూడా ఏ తేడా తెలియలేదు. తెలియకపోవడమే ఆ జబ్బుతో చిక్కు.

ఆసుపత్రి హాల్లో లోవ పక్క మంచం పిల్ల రిజ్వానాకు ఏడేళ్ళు. లోవ నవ్వితే నవ్వేది, లోవ జడ వేసుకుంటే అలాగే వేసుకునేది. లోవ సూదిమందుకు వెళ్ళిన ఒకరోజు ఆ పిల్ల అడిగింది. "లోవక్కా, నువ్వు మాత్ర తాగుతున్నావా?"

"నాకెందుకే ఇంకా! తూము తాగుతోంది" అని లోవ పకపకా నవ్వింది. రిజ్వానా కూడా నవ్వింది.

ఉత్సవాలు పదిహేను రోజుల్లోకి వచ్చాయి. ఆదివారం సాయంత్రం ఇసుకలో అభ్యాసం పెట్టారు. ఈసారి సూదులు లేవు, మంచాలు లేవు, రెండు చేతులా కర్రలే! అలల హోరును మించి కర్రలు మోగుతున్నాయి. చుట్టూ జనం మూగారు. లోవ పాటను రెట్టింపు వేగంతో రెండో కాలంలోకి ఎత్తింది. పిల్లలు తూనీగల్లా తిరుగుతున్నారు. ఉన్నట్టుండి లోవ చేతిలో కర్ర జారిపోయింది. గుండె అడ్డూ ఆపూ లేకుండా దడదడా కొట్టుకుంది. ఇసుకలో కూలబడిపోయింది.

అభ్యాసం చూడ్డానికి వచ్చిన సత్యవేణి పరుగెత్తుకొచ్చింది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. రిజ్వానా మాత్రం తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "లోవక్కా, నేను కూడా తూములో పోసేస్తున్నా కదా, నాకూ ఇలాగే కొట్టుకుంటదా?" అని అందరిలో అడిగేసింది.

సత్యవేణికి అంతా అర్థమైంది. ఇద్దరినీ ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది.

పరీక్షలన్నీ చూసి డాక్టర్ సుభద్ర లోవ మంచం పక్కన కూర్చుంది. "ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను. నువ్వు ఏటి మధ్యలోనే తగలేశావు కదే! కొత్త చెత్త వెయ్యడం తగ్గిస్తే, ఇన్నేళ్ళు ఇంట్లో పేరుకున్న చెత్త దానంతటదే లేచిపోతుందా? ఆ ఇనుమంతా నీ గుండెలోనే ఉంది. ఇప్పుడు మాత్రతో పాటు, చర్మం కింద కొంచెం కొంచెంగా మందు ఎక్కించే చిన్న పంపు కూడా నడుముకు పెట్టి తియ్యాలి. కోలాటం ఆడటానికి వీల్లేదు."

లోవ గోడవైపు తిరిగిపోయింది. పరికిణీ కుట్టించుకున్న పిల్ల! ఎంత ఏడ్చిందో చెప్పలేను.

మర్నాడు పొద్దున్న రిజ్వానా తల్లి పిల్లను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. రిజ్వానా పరీక్షలు అదృష్టవశాత్తూ బాగానే ఉన్నాయి. కానీ మాత్ర నీళ్ళు ముట్టనంటే ముట్టనని భీష్మించింది. "లోవక్క తాగలేదు, అక్కకి రక్తం ఆగిపోయింది. నేనూ తాగను. నాకూ ఆగిపోతది!"

లోవకు అప్పుడు తెలిసొచ్చింది. తన తొందర తనతో పోలేదు, పసిపిల్ల ప్రాణం మీదికి వచ్చింది. లేచి కూర్చుంది. నడుముకు కట్టిన పంపు చూపించింది.

"రిజ్జూ, నాకు రక్తం ఆగింది సూదిమందు వల్ల. గుండె అదిరింది మాత్ర మానినందువల్ల. నేను చేసింది తప్పే, పైగా దాన్ని గొప్పగా చెప్పుకున్నాను. జట్టుకి నువ్వే ముందు నిలబడు. నేను పక్కన కూర్చుని పాడతాను. కానీ మాత్ర తాగనివాళ్ళు ముందు నిలబడకూడదు."

"నేనా? ముందా?" రిజ్వానా కళ్ళు ఇంతంతయ్యాయి.

"నువ్వే! రా, కలిసి తాగుదాం." ఇద్దరూ గ్లాసులు ఎత్తారు. ఇద్దరూ ఒకేలా మొహాలు వికారంగా పెట్టారు. చూస్తున్న గ్రేసమ్మ నవ్వాపుకోలేకపోయింది.

ఉత్సవాల రోజు వచ్చింది. తీరమంతా జనం! వేదిక పక్కన కుర్చీలో, నడుముకు పంపుతో, పట్టు పరికిణీలో లోవ కూర్చుంది. ముందు వరసలో డాక్టరమ్మ ఉంది. లోవ గొంతెత్తింది. రిజ్వానా మొదటి దెబ్బ వేసింది. టక్! పిల్లలంతా ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని, ఆసుపత్రిలో ఆడినట్టే ఒంటిచేత్తో ఆడారు. అల్లికలు పడ్డాయి, విడిపోయాయి, మళ్ళీ పడ్డాయి. ఒక్క దెబ్బ తప్పలేదు. ఆఖరి దరువుకు జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సత్యవేణి ఈలే వేసేసింది!

పెద్దమనిషి మైకు పట్టుకుని లోవ దగ్గరికి వచ్చాడు. "వచ్చే ఏడు మీరే ముందు నిలబడి ఆడతారా?" అని అడిగాడు.

ఒకప్పటి లోవ అయితే అక్కడికక్కడే కాజాలు తెప్పించేది. ఈ లోవ నవ్వి, "రేపు పొద్దున్న మాత్ర తాగాలండి. ముందు ఆ పని కానివ్వండి" అంది.

మంచి రోజు వచ్చిందన్న సంబరంలో, ఆ మంచి రోజు దాకా మనల్ని మోసుకొచ్చిన మందును మానెయ్యకూడదు. పైగా మనల్ని చూసి నడిచే చిన్నవాళ్ళుంటే మన అజాగ్రత్త ఇద్దరికి చేటు.