లేవు అనలేని ఊరు

కడుపులో నొప్పి అంటున్నావు. అది కడుపునొప్పి కాదులే అమ్మలూ. రేపు బళ్ళో అందరి ముందూ నిలబడి మాట్లాడాలి కదా, ఆ భయం. ఇలా దగ్గరికి జరుగు. దుప్పటి కప్పుకో. ఊఁ కొడుతూ విను.

అనగనగా ఏటి అవతల ఒక ఊరు. ఆ ఊరివాళ్ళకి చెడ్డమాట అంటే భయం. నోటితో అంటే అది జరిగిపోతుందని భయం. అందుకని దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు. వెళ్తాను అనరు, వస్తాను అంటారు. బియ్యం అయిపోయాయి అనరు, నిండుకున్నాయి అంటారు.

అవును, మనమూ అంటాం. మొన్న మీ అమ్మ కందిపప్పు నిండుకుంది అనలేదూ. అదే.

ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఇంట్లో ముసలి అత్త, నూకాలు అనే కూతురు. నీకంటే చిన్నది.

ఒక ఏడు వానలు రాలేదు. ఆ తర్వాతి ఏడూ రాలేదు. ముందు అన్నం తగ్గి గంజి అయింది. ఆ తర్వాత గంజి పలచనైంది. ఆ తర్వాత అదీ లేదు. దుంపలు తవ్వుకుని తిన్నారు. దుంపలు కూడా ఎన్నాళ్ళుంటాయి.

ఏటికి ఇవతల కోట ఉంది. కోటలో కొత్త రాణి ఉంది. ఆవిడది కొండల వెనక దేశం, వేరే భాష. మన తెలుగు కష్టపడి నేర్చుకుంది. మాటకి మాట, అర్థానికి అర్థం, అంతవరకే తెలుసు. మనసు మంచిదే. అడిగితే ఇస్తుంది. ఆవిడకి తెలిసేలా అడగాలి.

అప్పుడు ఊరంతా కూర్చుని సన్యాసయ్యని పంపారు. పెళ్ళిళ్ళలో ఆయన మాట్లాడుతుంటే జనం విస్తళ్ళ ముందు నుంచి లేచేవారు కాదు. ఆయన సభలో నిలబడి ముందు రాణిని పొగిడాడు. ఆ తర్వాత రాణి తండ్రిని పొగిడాడు. ఆ తర్వాత తాతని అందుకున్నాడు. తాత సగంలో ఉండగానే సభ అయిపోయిందని గంట కొట్టేశారు.

ఊరికి తిరిగొచ్చాక అందరూ చుట్టూ మూగారు. "ఏం చెప్పావు?"

"రాణిగారు కన్నార్పకుండా విన్నారు."

"బియ్యం సంగతి?"

"దానికే వస్తున్నాను. ఈలోగా గంట."

నవ్వకు. ఆ వేళ ఆ ఊళ్ళో ఎవరూ నవ్వలేదు.

అప్పుడు ఊరిపెద్ద అప్పలస్వామిని పంపారు. ఆయన మహా మర్యాదస్తుడు. తుమ్మొచ్చినా బయటికెళ్ళి తుమ్మి వస్తాడు. సభలో చేతులు కట్టుకుని, పొగడ్తలేవీ లేకుండా, ఒక్క ముక్కలో చెప్పేశాడు. "అమ్మా, మా ఊళ్ళో గాదెలు నిండుకున్నాయి. దీపాలు కొండెక్కాయి."

రాణి ముఖం వెలిగిపోయింది. "గాదెలు నిండాయా. కొండ మీద దీపాలు కూడా పెట్టుకున్నారా. ఈ కరువులో మీ ఊరైనా చల్లగా ఉంది. పక్క ఊళ్ళలో తిండికి కష్టంగా ఉందట. ఖాళీ బండ్లు పంపిస్తాను. మీ గింజలు కాసిని వాళ్ళకి సర్దండి."

అప్పలస్వామికి ముచ్చెమటలు పోశాయి. అంత పెద్దావిడ సంతోషపడుతుంటే, కాదు తల్లీ అని ఎలా అనడం. "చిత్తం," అన్నాడు. "వస్తానమ్మా."

"వచ్చారు కదా," అంది రాణి.

"అంటే, వస్తానని."

"అలాగే, రండి. కూర్చోండి."

పాపం, చాలాసేపు కూర్చున్నాడు.

ఆ తర్వాత ఊళ్ళో గొడవ. బియ్యం అడగమని పంపితే, లేనివి ఇస్తానని ఒప్పుకొచ్చాడని తిట్టారు. మళ్ళీ ఎవరు వెళ్తారంటే అందరూ నేల చూపులు చూశారు.

ఇక్కడ పైడమ్మ ఇంట్లో నూకాలు చాప మీద పడుకునే ఉంది. మొదట్లో ఆకలి, ఆకలి అని ఏడ్చేది. ఆ తర్వాత సన్నగా మూలిగేది. ఆ తర్వాత అడగడమే మానేసింది. ఏడ్చినప్పుడు పైడమ్మకి ఇంత భయం వెయ్యలేదు. పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. తియ్యడం, మళ్ళీ పెట్టడం.

"నేను వెళ్తాను," అంది.

"నువ్వా?" అంది పక్కింటావిడ. "నూతి దగ్గర జరగమనడానికి కూడా బిందెతో పొడుస్తావు కదే."

నిజమే. ఆవిడ నలుగురిలో నోరు విప్పి ఎరగదు. అయినా బయల్దేరింది. పొగడ్త మరిచిపోకమ్మా అన్నాడు సన్యాసయ్య. గొంతు పెంచకమ్మా అన్నాడు అప్పలస్వామి. గుమ్మం దిగుతుంటే అత్త చెయ్యి పట్టుకుంది.

"చూడు పైడీ. ఏం చెప్పినా చెప్పు. పిల్ల గురించి మాత్రం అపశకునం మాట నోటెంట రానివ్వకు. తథాస్తు దేవతలు పైనే తిరుగుతుంటారు. నువ్వు ఏదంటే దానికి తథాస్తు అంటారు. తర్వాత మనం నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేదు."

పైడమ్మ తలూపింది. పడవలో కూర్చుని పొగడ్త వల్లించుకుంది. ఏరు దాటేసరికి సగం పోయింది. కోట మెట్లెక్కేసరికి మిగతాదీ పోయింది.

సభలో అందరూ ఆవిడవైపే చూశారు. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"మా ఊళ్ళో గాదెలు నిండు..." అంది.

అప్పటికే రాణి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి పైడమ్మ ఆగిపోయింది. ఆ నవ్వు పూర్తయిందంటే తను ఉత్త చేతులతో ఇంటికెళ్ళాలి.

"బియ్యం లేవు," అంది.

రాణి ముందుకి వంగింది. "నిండాయని చెప్పారే."

"లేవు అనలేక అలా అంటాం అమ్మా. మా అలవాటు. గాదెల్లో ఏమీ లేదు. ఊడిస్తే దుమ్మొస్తుంది."

"లేకపోతే ఏమవుతుంది?" అని అడిగింది రాణి. ఎగతాళికి కాదు అమ్మలూ. ఆవిడకి నిజంగానే తెలియక అడిగింది.

"ఇబ్బందవుతుంది."

"ఇబ్బంది నాకూ ఉంది. ఎంత ఇబ్బంది?"

"పిల్లలు కొంచెం నీరసంగా ఉన్నారు."

"పడుకుంటే నీరసం తగ్గదా?"

పైడమ్మ పైకి చూసింది. ఎత్తయిన కప్పు. అక్కడ ఎవరెవరు తిరుగుతున్నారో. అత్త మాట చెవిలో మోగుతోంది. చెప్తే ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే ఏమవుతుందో తెలుసు.

"తగ్గదు," అంది. "తిండి పెట్టకపోతే మా నూకాలు చచ్చిపోతుంది."

అని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాటని మళ్ళీ లోపలికి తోసేద్దామన్నట్టు.

రాణి లేచి నిలబడింది. "ఇప్పుడు బండ్లు బయల్దేరితే?"

తప్పకుండా బతుకుతుంది అంటే బాగుండేది. రాణి సంతోషించేది. పైడమ్మకీ ధైర్యంగా ఉండేది. కాని ఆవిడ చేతులు దించి, "ఏమో అమ్మా," అంది. "త్వరగా వెళ్తే బతకొచ్చు."

"బండ్లు కట్టండి," అంది రాణి.

అప్పుడు బియ్యం బండ్లు బయల్దేరాయి. పైడమ్మ ముందు బండిలో కూర్చుంది. ఎడ్లు నడుస్తున్నాయి. పరిగెత్తవేం అనిపించింది. రేవులో బస్తాలు దించి పడవలకి ఎక్కించారు. ఒక్కొక్క బస్తా ఎక్కుతుంటే ఆవిడ గోళ్ళు కొరుక్కుంది. సభలో తను అన్న మాట, ఈ పడవలకంటే ముందు ఏరు దాటి, తనకంటే ముందు ఇల్లు చేరుతుందేమోనని ఆవిడ భయం.

ఒడ్డు తగలగానే దూకింది. కొంగులో పోసుకున్న బియ్యం సగం దారిలో ఒలికాయి.

గుమ్మంలో అత్త కూర్చుని ఉంది. పైడమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లోపలికి వెళ్ళలేకపోయింది.

"అత్తా, పిల్ల ఉందా?"

అలాంటి మాట ఆ ఊళ్ళో ఎవరూ ఎవరినీ అడగరు. ముసలావిడ కోడలి ముఖంలోకి చూసింది. తిట్టలేదు.

"ఉంది," అంది. "పద, పొయ్యి వెలిగిద్దాం."

గంజి కాచారు. పైడమ్మ పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పెదవులు తడిపింది. మింగలేదు. మళ్ళీ తడిపింది. పక్కకి కారిపోయింది. అత్త ముఖం తిప్పేసుకుంది. పైడమ్మ తుడిచి, చెంచా చివరతో ఇంకొంచెం పోసింది.

గొంతు కదిలింది.

ఆ తర్వాత నూకాలు కళ్ళు తెరవకుండానే, గొణిగినట్టు, "ఆకలేస్తోందే అమ్మా," అంది.

అది వినగానే పైడమ్మ బావురుమంది. నెలల నుంచీ దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. ఏడుస్తూనే గంజి పోసింది.

ఆఁ, బతికింది. బతికింది అనే చెప్తున్నాను, వేరే మాట కాదు. పెద్దదై, పైడమ్మ మీద గట్టిగట్టిగా అరిచేది కూడా.

చెయ్యి ఇలా ఇయ్యి. చల్లగా ఉన్నాయేమిటి వేళ్ళు. ఇంక కళ్ళు మూసుకో.

ఏరు దాటి బియ్యమొచ్చె,
పొయ్యి మీద గంజి కాచె,
కథేమో కంచి బండెక్కె,
మా అమ్మలేమో నా ఒళ్ళోకెక్కె.