నక్క చేనులో మగమొక్క

నల్లరాతి గుట్టల నడుమ ఎర్రనేల చేలు. ఆ చేలల్లో ఎద్దులు, కుందేళ్ళు, ఉడుతలు, కొంగలు కాపురాలు చేసుకుంటూ ఏడాదికి ఒక్క పంట, వేరుశనగ, పండించుకునేవి. వాన మొహమాటానికి వచ్చిపోయే చోటు అది. ఆ తొలివానకు విత్తనం నేలలో పడాలి, పడ్డ విత్తనం మంచిదై ఉండాలి. రెండిట్లో ఏది తప్పినా ఆ ఏడు పస్తులే. అందుకే అక్కడివాళ్ళు ఇంట్లో పిల్లల్ని మరిచినా విత్తనపు కుండను మరిచేవాళ్ళు కాదు.

ఏ విత్తనం వేయాలో, ఏ పురుగు ఎటునుంచి వస్తోందో చెప్పడానికి వాళ్ళకు సేద్యపు విలేకరులు ఉండేవాళ్ళు. చేనుచేనూ తిరిగి చూడటం, చూసింది చెప్పడం వీళ్ళ పని. తిరగడం మానేసి చాలా కాలమైంది. చెప్పడం మాత్రం మానలేదు.

వాళ్ళందరిలోకీ పెద్ద తలకాయ ధవళకీర్తి అనే కొంగ. తల్లి పెట్టిన పేరు తెల్లయ్య. వయసులో ఉన్నప్పుడు నాగలి వెనకే బురదలో నడిచి, మట్టిపెళ్ళ తిరగేసి చూసి మరీ వార్త చెప్పేవాడు. ఆ వార్తలు నిజమయ్యేవి కాబట్టి పేరొచ్చింది. పేరొచ్చాక బురద గిట్టలేదు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటూ గట్టు మీదినుంచే చేను చూడటం అలవాటు చేసుకున్నాడు. గట్టు మీదినుంచి చూస్తే అన్ని చేలూ పచ్చగానే ఉంటాయి మరి.

ఏటా వేసవి చివర విలేకరుల మహాసభ మూడు రోజులు జరిగేది. ఎవరో ఒక పెద్దమనిషి పిలిచి భోజనం పెట్టాలి. పెట్టినవాడి చేను చూసి పొగిడి రావాలి. అదీ ఆనవాయితీ. ఈసారి పిలిచింది నక్క చెన్నప్ప. బావి కింద వేసవి వేరుశనగ వేశాడట, కొత్త విత్తనమట, చూసినవాళ్ళ కళ్ళు చెదురుతాయట.

సభకు బయలుదేరుతున్న ధవళకీర్తిని భార్య ముత్తెమ్మ గుమ్మంలోనే ఆపింది.

"ఏమయ్యో, ఈసారన్నా చేన్లోకి దిగి చూసి రా. ఎద్దు బసవప్ప మామ, కుందేలోళ్ళు, అందురూ నీ మాట కోసమే కాచుకోని ఉండారు. నువ్వు మంచిదంటే ఆ నక్క ఇత్తనమే తెచ్చుకుంటారంట."

"నాకు చెప్పొచ్చినావులే. చేను చూడ్డం నాకు కొత్తా?"

"కొత్త కాదు, మరుపు. అందుకే చెప్తాండా."

ధవళకీర్తి రెక్క విదిలించి ఎగిరిపోయాడు. ఇంట్లోవాళ్ళ సలహాలు వినే వయసా అది?

చెన్నప్ప వాకిట్లో సభ కళకళలాడుతోంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వడ్డిస్తున్నారు. గాడిద స్వాగత గీతం పాడితే అందరూ వినయంగా భరించారు. ఎవరేం చెప్పినా దాన్నే తిరిగి చెప్పే చిలుక పలుకులమ్మ, నమిలి చూస్తే తప్ప దేన్నీ నమ్మని మేక పుల్లక్క ముందు వరసలోనే కూర్చున్నారు. మధ్యలో, ఎత్తు పీట మీద, ధవళకీర్తి. ఆయన ఎదురుగా పళ్ళెంలో మడత నలగని శాలువా ఒకటి పెట్టి ఉంది. ఈ ఏటి 'సేద్యరత్న' బిరుదు తనకేనని ఆయనకు ముందే చెవిన వేశారు. అందుకే ఆయన చూపు బజ్జీల మీద కూడా నిలవడం లేదు.

చెన్నప్ప లేచి రెండు చేతులూ జోడించాడు. నక్క వినయమంటే అదీ.

"అయ్యలారా, అమ్మలారా! నేను ఒట్టి నక్కను. నాకు సేద్యం గురించి ఏం తెల్సు? మీరే చూసి, మీరే చెప్పాల. మీరు బాగుందంటే నా కొత్త ఇత్తనం ఊరోళ్ళకు ఊరికే ఇస్తా. వాళ్ళ పాత ఇత్తనం కుండెడు తెచ్చిస్తే చాలు, నాది కుండెడు పోసి పంపిస్తా. రండి, ఎండెక్కక ముందే చూసొద్దాం."

ఎండెక్కితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. బజ్జీలు తిన్న నోళ్ళు ప్రశ్నలకు తెరుచుకోవు.

గట్టు మీద అందరూ వరసగా నిలబడ్డారు. చేను నిండా దట్టంగా ఆకు, నిగనిగలాడే పచ్చదనం. "ఆహా" అన్నాడు గాడిద. "ఆహా, ఆహా" అంది పలుకులమ్మ.

"కిందికి దిగొద్దండి సాములూ, ఇప్పుడే నీళ్ళు కట్టినాం. కాళ్ళు పాడైపోతాయి" అన్నాడు చెన్నప్ప. దిగాలని ఎవరికుంది కనుక!

పుల్లక్క మాత్రం గట్టు మీదినుంచే మెడ చాచి ఒక కొమ్మ అందుకుంది. వార్త కోసం కాదు, ఆకు కోసం. ఇలా లాగిందో లేదో, మొక్క మొక్కంతా వేరుతో సహా ఊడి ఆమె నోట్లోకి వచ్చింది. తడిమట్టి రాలిపోయాక చూస్తే ఆ వేరుకు ఒక్క కాయ లేదు.

చెన్నప్ప తోక కాళ్ళ మధ్యకు పోయింది.

ధవళకీర్తికి చూడగానే అంతా అర్థమైపోయింది. ఎంత మరిచినా పాత విద్య ఎక్కడికి పోతుంది? ముట్టుకోగానే ఊడి వచ్చిందంటే అది అక్కడ పెరిగిన మొక్క కాదు. కాయలు దూసిన గాట్లు, కాయ పట్టే ఊడల మీద, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ దొంగవెధవ ఎక్కడివో మొక్కలు పీకి, కాయలన్నీ దూసి తినేసి, ఒట్టి మొక్కల్ని తెల్లవారుజామున బురదలో గుచ్చాడు. ఎండెక్కితే వాడి తల వాలుస్తాయి. పైన పటారం, లోన లొటారం!

'చెన్నప్పా, ఇంకో మొక్క పీకు.' ఒక్క మాట. అది ఆయన గొంతు దాకా వచ్చింది.

అంతలో వాకిట్లోని శాలువా గుర్తొచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదనే నీతి కూడా గుర్తొచ్చింది. అవసరం పడితే నీతులు ఎంత తొందరగా గుర్తొస్తాయో! ఈలోగా అందరూ ఆయన వైపే తిరిగారు. పెద్దవాడు కదా, చెప్పాలి. చెప్పలేకపోతే పెద్దరికం పోతుంది.

ధవళకీర్తి గొంతు సవరించుకున్నాడు.

"ఇది... మగమొక్క" అన్నాడు.

వేరుశనగలో మగమొక్క! పాలిచ్చే కోడి ఉందని చెప్పినా ఇంతకన్నా నయమే. చెన్నప్ప నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పుట్టినప్పటి నుంచీ అబద్ధాల మీదే బతుకుతున్న నక్కకు కూడా ఆ అబద్ధం తట్టలేదు. తేరుకుని, పరుగున వచ్చి కొంగ కాళ్ళకు దండం పెట్టాడు.

"ఎట్ల కనిపెట్నారు సామీ! మీ కంటికి దాగేదేమన్నా ఉందా!"

"అయితే ఆడమొక్క ఒకటి పీకి చూపించప్పా" అంది పుల్లక్క, ఆకు నములుతూ.

చెన్నప్ప మళ్ళీ బిక్కచచ్చిపోయాడు. మళ్ళీ ధవళకీర్తే ఆదుకున్నాడు. ఒక మెట్టు దిగినవాడికి రెండో మెట్టు తేలిక.

"కాపు మీదుండే ఆడమొక్కను పీకడం మహాపాపం పుల్లక్కా. ఇన్నేండ్లు ఈ వృత్తిలో ఉండి ఆమాత్రం తెలీదా?"

తెలియదని ఒప్పుకుంటే పరువేం కావాలి? "తెలుసు తెలుసు, మహాపాపం" అన్నారందరూ. "ఏదైతేనేం, ఆకు బాగుండాది" అని పుల్లక్క మగమొక్కను మింగేసింది. ఉన్న ఒక్క సాక్ష్యమూ అలా కడుపులోకి పోయింది.

ఇక వార్త పరుగెత్తింది. ధవళకీర్తి గారు తేల్చి చెప్పారని పలుకులమ్మ చేలన్నీ చాటింది. పలుకులమ్మ చెప్పిందని గాడిద ఓండ్రపెట్టాడు. ఇంతకీ నిజమేనా అని దారిలో ఒక ఉడుత ఆపి అడిగితే, "విలేకరులందరూ ఒక్కమాటే చెప్తాండారు కదా, నిజం కాకుండా ఎట్ల పోతుంది?" అన్నాడు ధవళకీర్తి. అప్పటికి ఆయనకే సగం నమ్మకం కుదిరింది. మెడలో శాలువా పడ్డాక మిగతా సగం కూడా కుదిరింది.

ఆ నమ్మకం ఇంటికి చేరేదాకానే.

గుమ్మంలో ముత్తెమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. "వచ్చినావా? నీ మాట మొన్ననే అందింది. అందురితో పాటు నేనూ పోయి మన పాత ఇత్తనం ఆ నక్కకు పోసి, కొత్తది తెచ్చినా. చూడు, ఎంత అందంగా ఉండాదో!"

కుండలో గులాబి రంగు మందు పూసిన గింజలు. ధవళకీర్తి ముక్కుతో ఒక గింజ తీసి నీళ్ళలో ముంచాడు. రంగు కరిగిపోయి, ముడతలు పడిన తాలుగింజ మిగిలింది. ఎలుక కూడా ముట్టని గింజ.

"నిన్నెవరు మార్చుకోమన్నారే!" అని అరిచాడు.

"ఇంకెవరు? నువ్వే. మొగుడి మాట నేనే నమ్మకపోతే ఊరోళ్ళెట్ల నమ్ముతారు?"

పడమటి గుట్ట మీద మబ్బు కమ్ముకొస్తోంది. అప్పుడన్నా కొంగ గట్టెక్కి ఒక్క కేక వేసి ఉంటే చేలవాళ్ళంతా కలిసి నక్క మీద పడి తమ విత్తనం తాము తెచ్చుకునేవాళ్ళు. కానీ ఆ కేక వేయాలంటే మగమొక్క లేదని చెప్పాలి. ధవళకీర్తి కుండనెత్తుకుని, ఎవరి కంటా పడకుండా, చెన్నప్ప దగ్గరికి పోయాడు.

చెన్నప్ప వాకిట్లో ఊరి విత్తనమంతా కుప్పపోసి ఉంది. బెల్లం ముక్క కొరుక్కుంటూ గుప్పెడు గుప్పెడు నములుతున్నాడు.

"మోసగాడా! నా ఇత్తనం నాకిచ్చెయ్. లేకుంటే నీ బండారం బయట పెడతా."

"పెట్టు సామీ" అన్నాడు చెన్నప్ప చల్లగా. "మగమొక్క అని నేనన్నానా? పాపమని నేనన్నానా? నేను ఆకు చూడమన్నా, మీరు ఆకు చూసినారు. పోయి చెప్పు. ఊరోళ్ళు కట్టెలు తీసుకొని మొదట ఎవరింటికొస్తారో చూద్దాం."

ధవళకీర్తి మెడ వంచుకున్నాడు. చెన్నప్ప లోపలికి పోయి, కుండ మార్చి తెచ్చి, ముందు పెట్టాడు.

"మనలో మనకెందుకు? నీ ఇత్తనం నువ్వు తీసుకో. నోరు మాత్రం మూసుకో."

కొంగ కుండలోకి తొంగి చూశాడు. నిండుగా, ఎర్రగా, సొంత చేనులో పండిన మంచి గింజలు. ప్రాణం లేచొచ్చింది. బిరుదుతో వచ్చిన శాలువాలోనే కుండను మూటగట్టి, మెడకు తగిలించుకుని ఎగిరాడు. ఊరు ఏమైతేనేం, తన కుండ తనకు దక్కింది.

ఆయన ఇల్లు చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది; రాత్రి వాన దంచికొట్టి వెలిసింది. చేలన్నీ మంచి పదును మీదున్నాయి. పొద్దునే అందరూ గులాబి గింజలు విత్తేశారు. ఎద్దు బసవప్ప గొర్రు లాక్కుంటూ ధవళకీర్తి చేను దగ్గరికే వచ్చాడు. వెనక ఊరంతా వచ్చింది.

"సామీ, నీ మాట మీద మా చేలన్నీ ఇత్తేసినాం. నువ్వు బురదలో దిగలేవు కదా, నీ చేను కూడా మేమే ఇత్తిపోదామని వచ్చినాం. ఇత్తనం తే."

కాదనడానికి దారి లేదు. ముత్తెమ్మ కుండ అందుకుని, గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి గింజలు ఒంపింది. ఎర్రటి పాత గింజలు జలజలా రాలాయి.

బసవప్ప నిలబడిపోయాడు. ఆయన ఆలోచన నిదానం, కానీ తిన్నగా పోతుంది. "ఇదేంది సామీ? మాకు కొత్త ఇత్తనం చెప్పి, నువ్వు పాతది వేసుకుంటాండావే?"

ధవళకీర్తి ముక్కు తెరిచేలోపు ఎర్రగింజలు అయిపోయాయి. కుండ పైభాగాన అవి ఉన్నది దోసెడే. వాటి కింద నుంచి గులాబి తాలుగింజలు బొలబొలా పడసాగాయి, కుండ అడుగు దాకా.

ముత్తెమ్మ ఖాళీ కుండ వైపు చూసింది. మొగుడి వైపు చూసింది.

"చూసే తెచ్చినావా?"

"చూసినా."

"యాడ చూసినావు?"

"...పైన."

ఇక ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. కొత్త విత్తనం పనికిరాదని ఈ పెద్దమనిషికి ముందే తెలుసు. తెలిసి తన కుండ ఒక్కటీ తెచ్చుకోబోయాడు. అదీ తెచ్చుకోలేకపోయాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డ కొంగను చూసి ఊరు ఏడవలేక నవ్వింది. నక్క వాకిటికి పరుగెత్తినవాళ్ళకు అక్కడ నక్క లేడు, విత్తనం లేదు, ఇంత బెల్లపు పొడి మిగిలింది.

బసవప్ప గొర్రు తిప్పుకున్నాడు. పోతూ పోతూ ఒక్క మాట అన్నాడు.

"పోయొస్తాం తెల్లయ్యా. మగమొక్కలు మొలిస్తే కబురు చెయ్."

పీకి చూడకుండా పంటను పొగిడేవాడు ఊరి కుండతో పాటు తన కుండనూ బోర్లించుకుంటాడు.