హద్దురాయి దగ్గర జోళ్లు

ఆ యేడు కోసెన్‌కు కోపం నెత్తికెక్కింది. ఎక్కదా మరి?

జపాన్‌లో హకుసెన్ అనే ఎత్తయిన కొండ ఉంది. శరత్కాలం వస్తే ఆ కొండ మీద మేపుల్ చెట్లు శిఖరం నుంచి మొదలుపెట్టి కిందిదాకా ఎర్రబడతాయి. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. జనమంటే మగవాళ్లే. కొండ సగంలో ఒక హద్దురాయి పాతి ఉంది. ఆడవాళ్లు అది దాటితే కొండ మైలపడుతుందట.

రాయికి ఇవతల ఉన్న చిన్న మఠంలో ముసలి సన్యాసిని మ్యోషున్, ఆమె శిష్యురాలు కోసెన్ ఉండేవాళ్లు. పైకి వెళ్లే సాధువులకు గడ్డి జోళ్లు అల్లిపెట్టడం, బట్టలు ఉతికిపెట్టడం వాళ్ల పని. ఆ రాళ్లదారిలో ఒక జత రెండు రోజులైనా ఆగదు కాబట్టి చేతులకు తెరిపి ఉండేది కాదు.

దిగి వచ్చేటప్పుడు సాధువులు దయతలచి గుమ్మంలో రెండు ఎర్రాకులు పడేసి పోయేవారు. తొమ్మిదేళ్లు వాటినే చూసి సరిపెట్టుకుంది కోసెన్. పదో యేడు ఆ రెండాకులనూ తీసుకెళ్లి పొయ్యిలో పడేసింది.

మర్నాడు పొద్దున్నే, ఉతికి ఆరేసిన సాధువు బట్టలు తొడుక్కుంది. వెదురు టోపీ కళ్లదాకా దించుకుంది. గుండు ఎలాగూ ఉండనే ఉంది.

"ఎక్కడికి?" అంది మ్యోషున్, అల్లుతున్న గడ్డి మీంచి తల ఎత్తకుండానే.

"పైకి. మీరు వద్దన్నా ఆగను గురువమ్మా. పట్టుబడితే పెద్దమఠం వాళ్లు ఇక్కణ్ణించి వెళ్లగొడతారు, అంతేగా. వెళ్లగొట్టనీయండి."

"వద్దని నేనెప్పుడన్నాను?"

ముసలామె లేచి వచ్చి, శిష్యురాలి తల మీది టోపీ తీసి కొక్కేనికి తగిలించింది.

"ఇది పెట్టుకుని వెళ్తే పైన ఆకులు చూసేది ఎవడో మగవాడు. చూడాల్సింది వాడా, నువ్వా?"

కోసెన్ లోపలికి వెళ్లింది. తన బట్టలు తను కట్టుకుని వచ్చేసరికి మ్యోషున్ కొత్త జోళ్లు తొడుక్కుంటోంది. నలభై ఏళ్లుగా అల్లుతున్నా అవి ఆమె కాళ్లకెక్కడం అదే మొదలు. ఇంకో జత కోసెన్ ముందు పెట్టింది.

కోసెన్ ఆ జత తొడుక్కోకుండా ఆగింది. తననొక్కదాన్నే వెళ్లగొడితే ఎలాగో బతుకుతుంది. ఈ డెబ్బై ఏళ్ల మనిషి చలికాలం ముంగిట ఎక్కడికి పోతుంది?

"మీరెందుకు గురువమ్మా?"

"ఏం, నాకు మాత్రం కళ్లు లేవా?"

హద్దురాయికి అవతల దోకై అనే సాధువు కాపలా ఉన్నాడు. వాళ్లను చూస్తూనే చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఆగండమ్మా. ఆడవాళ్ల పొడ ఈ రాయి దాటకూడదు. మీకు తెలియనిదా?"

"తెలుసు నాయనా" అంటూ మ్యోషున్ తాపీగా రాయి మీద కూర్చుంది. "అయితే ఆ జోళ్లు విప్పు."

"ఏమిటి?"

"మొన్న నేను అల్లినవే. గడ్డి నానబెట్టింది నేను. ఈ అరచేతుల మధ్య పేనింది నేను. చివర్లు పళ్లతో కొరికింది కూడా నేనే. ఇంత ఆడదాని చేతిపని కాళ్లకు కట్టుకుని నువ్వు అవతల నిలబడ్డావు. విప్పి ఇటు ఇచ్చెయ్యి."

దోకై నవ్వేయబోయాడు. ముసలామె నవ్వలేదు. చెయ్యి చాపి అలాగే కూర్చుంది. ఆడవాళ్ల పొడ దాటకూడదన్నది తనే మరి. దోకై వంగి జోళ్ల ముడులు విప్పాడు. మంచుకు తడిసిన రాళ్ల మీద ఉత్త కాళ్లు ఆనగానే ఒక కాలు ఎత్తాడు, అది దించి రెండోది ఎత్తాడు. కోసెన్‌కు నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

మ్యోషున్ ఆ జోళ్లు అందుకుని రాయి మీద పెట్టింది. లేచి రాయి దాటింది. వెనకే కోసెన్ దాటింది. కొండకు ఏమీ కాలేదు.

"అపచారం" అన్నాడు దోకై. "ఇప్పుడే వెళ్లి పెద్దమఠంలో చెప్తాను."

"పెద్దమఠం శిఖరం మీదేగా ఉంది?"

"అక్కడే."

మ్యోషున్ అతని పాదాల వంక చూసింది.

"ఈ రాళ్ల మీద నువ్వు చేరేసరికి సాయంత్రమవుతుంది నాయనా. మేమూ అటే వెళ్తున్నాం. మేమే చెప్తాంలే."