గాసమ్మ గుక్క

అనగా అనగా, కొండలకి ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండ మీద రెండు పల్లెలు. పై పల్లెవాళ్ళది ఊదారంగులో మెరిసే తేనెపిట్ట కులం. కింది పల్లెవాళ్ళది బూడిదరంగు తేనెపిట్ట కులం. పిట్టలు రెండు జాతులు గనక మనుషులూ రెండు జాతులే అని పెద్దలు తేల్చేశారు. పిట్టల్ని అడిగినవాడు లేడు. ఊట పైన ఉంది గనక నీళ్ళు మెరిసే పిట్టవాళ్ళవే.

కింది పల్లెలో గాసమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఇంట్లో కోడలు పచ్చి బాలింత. ఊట కూతవేటు దూరమే. అయినా గాసమ్మ కొండ కింద పారే గెడ్డకి దిగాలి, కుండ నింపాలి, మళ్ళీ కొండెక్కాలి. ఒళ్ళు అలిసింది, కాళ్ళు అలిశాయి, కొండ మాత్రం అలవలేదు.

ఆ వేసవి గెడ్డ ఇంకిపోయింది. చెలమ తవ్వితే చెంబెడు బురదనీళ్ళు. అవన్నీ కోడలికే పోసింది, తను గుక్కెడు కూడా తాగలేదు. అయినా బాలింతకి పాలు ఎండిపోయాయి, పసిగుడ్డు ఏడుపు సన్నగిల్లింది. ఇక పైవాళ్ళని అడగాల్సిందే అని గాసమ్మ బయల్దేరింది. ఊటదారిలో మోదుగచెట్టు కింద కూలబడింది. ఎదురుగా కొమ్మకి సంచిలా వేలాడుతూ గూడు. బూడిద పిట్ట వచ్చి పిల్లల నోట్లో పురుగు పెట్టింది. అది ఎగిరిందో లేదో మెరిసే పిట్ట వచ్చి ఆ పిల్లలకే పెట్టింది.

గాసమ్మ పై పల్లె పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఆ రెండు పిట్టలూ ఆలుమొగుళ్ళు. ఒక్క గూటికే తిండి తెత్తన్నాయి. జాతి ఒకటే. నా కోడలికి ఒక్క కుండ నీళ్ళియ్యండి."

"ఏటే ముసిలీ, ఎండకి బుర్ర తిరిగినాదా? మెరుపుకీ మసికీ పెళ్ళేటే?" అని పెద్ద నవ్వాడు.

రెండోనాడు బతిమాలితే గూడు చూడ్డానికి వచ్చాడు. చుట్ట కాల్చుకుంటూ, ఖళ్ళుఖళ్ళున దగ్గుతూ వచ్చాడు. పిట్టలు తుర్రుమన్నాయి. "ఏదే నీ పెళ్ళి?" అని వెళ్ళిపోయాడు. ఒళ్ళు అలిసింది, కాళ్ళు అలిశాయి, కొండ మాత్రం అలవలేదు.

మూడోనాడు అడిగే ఓపిక లేక గాసమ్మ చెట్టు కిందే కూర్చుండిపోయింది. ఆమెను లేపి తీసుకుపోదామని కింది పల్లె ఆడవాళ్ళు వచ్చారు. దారిలోంచి తరిమేద్దామని పెద్ద వచ్చాడు. గాసమ్మ పెదాల మీద వేలు పెట్టి గూడు చూపించింది. అందరూ కిక్కురుమనకుండా నిలబడ్డారు. బూడిద పిట్ట వచ్చింది. మెరిసే పిట్ట వచ్చింది. గూట్లో పిల్లలు రెండు పిట్టలకీ నోళ్ళు తెరిచాయి.

పెద్దకి సిగ్గేసింది. తనే పరుగెత్తి ఊట నుంచి కుండ నింపి తెచ్చాడు.

"తాగమ్మా," అన్నాడు.

"నాకు తరవాత బాబూ. ముందు బాలింతకి," అంది గాసమ్మ.

కుండ కిందికి వెళ్ళింది. రెండో కుండ వచ్చేసరికి చెట్టు కిందే ఆమె ప్రాణం పోయింది. అంత దగ్గర నీళ్ళు పెట్టుకుని ఆమె గొంతు ఎండబెట్టాం గదా అని రెండు పల్లెలూ ఏడ్చాయి.

ఇప్పుడు ఆ ఊటకి కింది పల్లె, పై పల్లె అని లేదు. ఎవరైనా రావచ్చు. కానీ ఎవరి కోసం నీళ్ళు మోసినా, కుండ ఎత్తుకునే ముందు మోసే మనిషి ఒక గుక్క తాగాలి. తాగకపోతే పక్కవాళ్ళు కుండ ఎత్తనివ్వరు. "గాసమ్మ గుక్క తాగి ఎల్లు తల్లీ," అంటారు.