ఎర్రపుంజు లాంటి పెళ్ళికొడుకు

గెడ్డలపేటలో తెలివికి కరువొస్తే తమ ఇంటి నుంచి తట్టలతో పంపగలమని అసిరయ్య, గౌరయ్య, పోలయ్య అనే ముగ్గురు అన్నదమ్ములకు గట్టి నమ్మకం. ఊరివాళ్ళు ఇంతవరకూ అడగకపోవడానికి మొహమాటమే కారణమని జాలిపడేవారు. మబ్బు పట్టి పుంజు కూయడం ఆలస్యమైతే, ఇంకా తెల్లవారలేదని తీర్మానించి, పొలాలకు పోయేవాళ్ళ అమాయకత్వానికి నవ్వుకుని, మధ్యాహ్నం దాకా నిద్రపోయేంతటి వివేకం వాళ్ళది.

ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. పెరట్లో మాత్రం పెట్టలూ, మూడు పుంజులూ ఉండేవి. నల్లపుంజు పెట్ట కనబడితే చాలు, వెంటపడి మెడమీది ఈకలు పీకేది. దాని నీడ పడగానే పెట్టలు కంపల్లో దూరేవి. తెల్లపుంజు గోడెక్కి కూయడమే తప్ప ఏ పెట్టకూ ఒక గింజ చూపించిన పాపాన పోలేదు. ఎర్రపుంజు తీరు వేరు. పురుగు దొరికితే తాను మింగదు. ముక్కుతో ఎత్తి, జారవిడిచి, మళ్ళీ ఎత్తి, కొక్కొక్కొ అని మెల్లగా పిలుస్తుంది. పెట్టలు వచ్చి తినేదాకా పక్కన నిలబడుతుంది. ఆ తరువాత ఒక రెక్కను నేలకు రాసుకునేలా వాల్చి, పక్కవాటుగా అడుగులు వేస్తూ పెట్ట చుట్టూ తిరుగుతుంది.

అన్నదమ్ములు అన్నీ పరిశీలించి తీర్పు చెప్పారు. నల్లది కష్టజీవి. తెల్లది పెద్దమనిషి. ఎర్రదానికి ముక్కులో పట్టు తప్పింది, పైగా ఒక రెక్క పడిపోయింది. ఇన్ని బాధలు పడుతున్న ప్రాణిని కూర వండుకోవడమే దయ.

కత్తి నూరుతుండగా పొరుగింటి పైడమ్మ అత్త చూసి అడ్డుపడింది. పోలయ్యకు సంబంధం కుదర్చాలని తిరుగుతున్నది ఆవిడే. సంతలో గుడ్లు అమ్మే నూకరత్నాన్ని చూసిన నాటి నుంచి పోలయ్య, తన పెరటి నిండా గుడ్లుండగానే, వారం వారం ఆమె దగ్గర గుడ్లు కొనుక్కుని వస్తున్నాడు. ఆ పిల్ల తప్ప అతనికి ఈ లోకంలో వేరే కోరిక లేదు.

"ఒరే పోలిగా, దాన్ని కొయ్యడం కాదు, చూసి నేర్చుకో. ఆడపిల్ల దగ్గర ఎలా మసలాలో మీ ముగ్గురికన్నా దానికే బాగా తెలుసు," అంది.

అంతే. పోలయ్య పెరట్లో చాప పరుచుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తమ్ముడొక్కడే చదువుకుంటే బాగుండదని అన్నలు కూడా చెరొక పుంజును గురువుగా ఎంచుకున్నారు.

పెళ్ళిచూపులకు నూకరత్నం తండ్రి అప్పన్న బూరెలు వండించాడు. పిల్ల వచ్చి కూర్చుంది. ఇంకేముంది, పోలయ్య ఒక బూరెను నోటితో ఎత్తి, ఆమె ముందు జారవిడిచి, మళ్ళీ ఎత్తి, కొక్కొక్కొ అన్నాడు. తరువాత లేచి, ఒక చెయ్యి వాల్చి, కండువా అంచు నేలకు రాస్తూ పక్కవాటుగా ఆమె చుట్టూ తిరిగాడు. తమ్ముడికి తోడుగా అసిరయ్య ప్రహరీ ఎక్కి తెల్లపుంజు పాఠం గొంతెత్తి అప్పజెప్పాడు. గౌరయ్య నల్లపుంజు పాఠం ఆరంభించబోయి, పిల్ల మేనత్త చేతిలో అట్లకాడ చూసి, దాన్ని నిరవధికంగా వాయిదా వేశాడు.

అప్పన్న కర్ర కోసం వెతికాడు. పైడమ్మ కాళ్ళావేళ్ళా పడి, ఎర్రపుంజు సంగతి మొదటినుంచి చెప్పింది. నూకరత్నం నవ్వి నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకుంది. అప్పన్న ఇంట్లో ఆడవాళ్ళు తినేది మగవాళ్ళు తిని లేచాక, మిగిలితేనే.

"ముందు పెళ్ళానికి పెట్టి తరువాత తను తినే ఎర్రపుంజు లాంటివాడైతే నాకు ఇష్టమే నాన్నా," అంది.

అప్పన్న ఒప్పుకుని ముహూర్తం పెట్టించాడు. ఇంతటితో కథ సుఖంగా ముగియవలసినది. కానీ అన్నదమ్ములు ఇంటికి వెళ్ళి ఆలోచించారు.

పోలయ్య నిజంగా ఎర్రపుంజు లాంటివాడేనా? పిల్లను మోసం చేయకూడదు కదా. పళ్ళెం నిండా గారెలు పెట్టి పరీక్షించారు. పోలయ్య ఎవరినీ పిలవకుండానే సగం తినేశాడు. పుంజును పరీక్షించారు. అది పెట్టలను పిలిచింది. ఊరంతా తలచుకుని చూసినా ఎర్రపుంజు లాంటివాడు ఎర్రపుంజు ఒక్కడే తేలాడు.

పోలయ్య చేతిలోని గారె పక్కన పెట్టాడు. ఆమె మంచివాడిని కోరుకుంది కనుక మంచివాడినే ఇద్దామని, చివరికి అతనే అన్నాడు.

అంతే. ముహూర్తం నాడు పుంజుకు బాసికం కట్టి, పసుపుగుడ్డ చుట్టి, బుట్టలో కూర్చోబెట్టి, మేళంతో బయలుదేరారు. అసిరయ్య బుట్ట మోశాడు. పోలయ్య మండే ఎండలో తాను చెమటతో తడిసి ముద్దవుతూ పుంజుకు గొడుగు పట్టాడు. పందిట్లో బుట్టను పీటమీద దించగానే అప్పన్న మళ్ళీ కర్ర కోసం వెతికాడు.

నూకరత్నం మాత్రం గొడుగు నీడ ఎవరిమీద పడుతోందో, చెమట ఎవరికి పడుతోందో చూసింది. నీడను పుంజుకిచ్చినవాడికి పుంజు బుద్ధి అబ్బినట్టే అనుకుంది.

"ఆ బుట్ట పక్కన పెట్టి నువ్వు కూర్చో. ఎర్రపుంజు లాంటివాడివి నువ్వే," అంది.

పోలయ్య ముఖం వెలిగింది. పీటమీద సగం కూర్చున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే పుంజు తలంబ్రాల పళ్ళెం చూసింది. ఒక గింజ ఎత్తి, జారవిడిచి, కొక్కొక్కొ అంది. ఇంకేముంది, అప్పన్న పెరట్లోని పెట్టలన్నీ పందిట్లోకి వచ్చాయి. పుంజు వాటికి తలంబ్రాలు తినిపించి, బాసికంతో సహా రెక్క వాల్చి, ఒక్కొక్కదాని చుట్టూ ప్రదక్షిణం చేసింది.

పోలయ్య లేచి నిలబడ్డాడు.

"ఈ పుంజుగాడికి ఇంటి దగ్గర అంతమంది పెళ్ళాలున్నారు. ఇక్కడ ఇంతమంది. నేను వాడిలాంటివాడినని నువ్వే అన్నావు. నీ బతుకు పాడు చెయ్యలేను నూకరత్నం. నాలాంటివాడిని చేసుకోకు," అన్నాడు.

ఆమె ఏదో చెప్పబోయింది. పైడమ్మ తల పట్టుకుంది. కానీ అన్నలు అప్పటికే తమ్ముడిని మెచ్చుకుంటూ బుట్ట ఎత్తుకున్నారు. ఒక ఆడపిల్ల జీవితాన్ని తమ తెలివి కాపాడిందని దారి పొడుగునా ఎదురైన వాళ్ళందరికీ చెప్పారు. పోలయ్య ఒక్కడే వెనకబడి, ఇంకా పుంజుకు గొడుగు పట్టుకునే నడిచాడు.

ఇల్లు చేరాక బాసికం విప్పి, పుంజును పెరట్లో వదిలాడు. పెట్టలన్నీ పరుగున ఎదురొచ్చాయి. అతను గబగబా అన్నల దగ్గరకు వెళ్ళి, గొంతు తగ్గించి బతిమాలాడు.

"అక్కడ జరిగింది వీటికి చెప్పకండి. బాధపడతాయి."