గుమ్మం బయటి చెప్పులు

నీరజాక్షి రాసిన ప్రేమ ఘట్టం నాలుగోసారి కూడా నిలబడలేదు.

నిలబడలేదని వకుళమ్మ గారు నోటితో అనలేదు. ఆవిడ ఎప్పుడూ అనరు. పెరటి వసారాలో పీట వేసుకుని, గోరుచిక్కుళ్ళు తుంచుతూ వింటారు. కథ పట్టుకుంటే ఆ చేతులు ఆగుతాయని ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు చెప్పుకుంటారు. నీరజ నాలుగు బుధవారాలు చదివింది. నాలుగు బుధవారాలూ ఆవిడింట్లో గోరుచిక్కుడు కూరే.

ఏలూరులో వకుళమ్మ గారి నవల చదవని ఆడది లేదు, చదివానని ఒప్పుకునే మగాడు లేడు. అలాంటావిడ దగ్గర రాయడం నేర్చుకోవాలని నీరజ ఇంట్లో హిందీ క్లాసని అబద్ధం చెప్పి వస్తోంది. భర్త పోయి మూడేళ్ళయింది. ఉండేది అన్నయ్య ఇంట్లో. ఒకసారి ఆమె ట్రంకు పెట్టెలో కథ కాగితాలు దొరికితే అన్నయ్య అరవలేదు, కొట్టలేదు. వాటిని పొయ్యిలో పెట్టి, "ప్రేమ కథలు రాసే మనిషికి నా ఇంట్లో చోటు లేదు. ఇంకోసారి చెప్పను" అన్నాడు. అరిచినా బాగుండేది. ఆ నెమ్మది తలుచుకుంటే నీరజకి ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

అందుకే ఇక్కడికి వచ్చినప్పుడు చెప్పులు ముందు గుమ్మం దగ్గర విడిచేది కాదు. నీలం రంగు చెప్పులు, కుడిదానికి తెగిన పట్టీ దగ్గర పిన్నీసు. అన్నయ్య చూస్తే ఇట్టే గుర్తుపడతాడు. ఆఫీసు నుంచి అయిదున్నరకి సైకిలు మీద ఆ వీధినే వెళతాడు మరి. నీరజ వాటిని పాత పేపరులో చుట్టి లోపలికి తెచ్చి, తలుపు వెనక పెట్టుకునేది.

ఆ నాలుగో బుధవారం చదవడం అయ్యాక ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"పిన్నిగారూ, లోపం ఎక్కడుందండీ? వెన్నెల బాగానే రాశాను కదా?"

"వెన్నెలకేం, బ్రహ్మాండంగా ఉంది. నీ శశికళ మేడ మీద అతని గదికి ఒంటరిగా వెళ్ళింది, అవునా?"

"అవునండీ."

"కింద బట్టల కొట్టు. ఎదురుగా కిళ్ళీ బడ్డీ."

"అవునండీ."

"చెప్పులెక్కడ విడిచింది?"

నీరజ తెల్లబోయింది. "చెప్పులాండీ? గుమ్మం బయటే విడిచి ఉంటుంది."

వకుళమ్మ గారు లేచారు. తలుపు వెనక ఉన్న పొట్లం తీసి, విప్పి, నీలం చెప్పులు చేత్తో పట్టుకుని వీధి వైపు వెళ్ళారు. ఉత్త పేపరుతో తిరిగొచ్చి పీట మీద కూర్చున్నారు.

"మెట్టు మీద పెట్టాను. ఇప్పుడు చదువు. మొదటి నుంచీ."

"అమ్మో! టైము అయిదుంబావు దాటిందండీ. అన్నయ్య వచ్చేస్తాడు."

"చదువు."

నీరజ లేవబోయింది. ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు.

"శశికళ చిరునవ్వుతో మెట్లెక్కింది" అని మొదలుపెట్టింది నీరజ. తన గొంతు తనకే వినపడటం లేదు. చెవులు రెండూ వీధిలో ఉన్నాయి. పున్నమి చంద్రుడి దగ్గరికి వచ్చేసరికి ఏ వరస చదువుతోందో కూడా తెలియలేదు. దూరంగా సైకిలు గంట మోగింది. దగ్గరైంది. ఇంటి ముందే ఆగింది.

అరచేతి చెమటకి సిరా పాకి చంద్రుడు చెరిగిపోయాడు. ఇవాళ రాత్రి ఎక్కడ పడుకోవాలి? నీరజకి ఆ ఒక్క ఆలోచన తప్ప మరేమీ తోచలేదు.

"పాలమ్మా!" అని కేక వినిపించింది.

నీరజ ఒక్క పరుగున ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. మెట్టు మీద వకుళమ్మ గారి అరిగిపోయిన తోలు చెప్పులు మాత్రమే ఉన్నాయి. తనవి లోపల నడవలో, బియ్యం డబ్బా వెనక ఉన్నాయి. ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

"ఇలా చేస్తారా పిన్నిగారూ? పై ప్రాణాలు పైనే పోయాయి నాకు!"

వకుళమ్మ గారు గిన్నెలో పాలు పోయించుకుంటూ అన్నారు.

"నీ చెప్పులు దాచడానికి నేనున్నాను. ఆ పిల్లకెవరున్నారు?"

మర్నాడు మధ్యాహ్నం వదిన కునుకు తీస్తుండగా నీరజ ఆ నాలుగు పేజీలూ చించేసింది.

మళ్ళీ బుధవారం వచ్చింది. కొత్త కాగితాల్లో వెన్నెల లేదు. సాయంత్రం అయిదు గంటల ఎండ ఉంది. శశికళ మెట్లెక్కుతూ సగంలో ఆగి, చప్పుడు కాకూడదని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. కింద బడ్డీ దగ్గర ఎవరో దగ్గారు. తనని చూసే దగ్గారా? పై మెట్టు మీద నిలబడిపోయింది. చెప్పులు బయట విడిస్తే వీధంతా చూస్తుంది. లోపలికి తీసుకెళితే తాను దొంగలా వచ్చానని అతనికి తెలిసిపోతుంది. ఇంతలో తలుపు తెరుచుకుంది. అతను ఆమె మొహం చూశాడు, చేతిలో చెప్పులు చూశాడు. రెండు చేతులతో వాటిని అందుకుని, తన మంచం కింద, తన చెప్పుల పక్కన పెట్టాడు.

గోరుచిక్కుళ్ళు తుంచే చప్పుడు ఎప్పుడు ఆగిందో నీరజ గమనించలేదు.

"తలుపు వేశాడా?" అన్నారు వకుళమ్మ గారు గుసగుసగా.

అప్పుడే వీధిలో సైకిలు గంట మోగింది. వకుళమ్మ గారు ఉలిక్కిపడ్డారు. ఒళ్ళోని కాయలు జారిపోతున్నా చూసుకోకుండా లేచి, గబగబా ముందు గుమ్మం దాకా వెళ్ళారు. ఎవరో ముసలాయన సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు.

ఆవిడ ఊపిరి పీల్చుకుని కిందికి చూశారు. మెట్టు మీద, తన తోలు చెప్పుల పక్కన, నీలం చెప్పులు విడిచి ఉన్నాయి. కుడిదాని పిన్నీసు ఎండకు మెరుస్తోంది. తీద్దామని వంగి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

తిరిగొచ్చేసరికి నీరజ మొహం పాలిపోయి ఉంది.

"భయం పోయిందా?"

"లేదండీ."

"పోనివ్వకు" అంటూ ఆవిడ పీట దగ్గరికి లాక్కున్నారు. "తలుపు వేశాడా లేదా, చదువు."