తుంగమడుగు తీతువు

తుంగమడుగు పక్షులకు రెండు భోగాలు వచ్చాయి. ఒకటి గట్టు మీద కట్టిన ఎత్తైన టవరు. రెండోది నీళ్ళ ఒడ్డున తాటాకు తడికలతో వేసిన గుడిసె. టవరెక్కినవాళ్ళు బైనాక్యులర్లలోంచి చూస్తారు. గుడిసెలో దూరినవాళ్ళు తడిక కంతల్లోంచి కెమెరా మూతులు బయటపెట్టి ఫొటోలు తీస్తారు. బోర్లా పడుకుని తీసేవాళ్ళ కోసం నేలబారున ఒక వెడల్పాటి కంత కూడా వదిలారు. వచ్చినవాళ్ళెవరూ రాయి విసరలేదు, వల వెయ్యలేదు. దాంతో ఒక్క శీతాకాలంలోనే పక్షులకు భయం పోయి షోకు పట్టుకుంది. కంతలో ఏదైనా తళుక్కుమంటే చాలు, ఎర్రకాళ్ళ కొంగ రంగప్ప ఒక రెక్క విప్పి, మెడ పక్కకి తిప్పి నిలబడేవాడు. బాతు మాణిక్యం తన తొమ్మిది పిల్లల్నీ వరసగా గుడిసె ముందు నుంచి నడిపించేది.

ఈ షోకు అంటనిది ఒక్క తీతువు ఈరమ్మకే. అవతల గులకరాళ్ళ మధ్య రాళ్ళలో రాళ్ళలా కలిసిపోయేట్టు నాలుగు గుడ్లు పెట్టుకుంది. పెట్టిన వారానికే మగణ్ణి డేగ ఎత్తుకుపోయింది. ఇంకో అయిదు రోజులు పొదిగితే పిల్లలు బయటికొస్తాయి. ఆమెకు వేరే ధ్యాస లేదు. మనిషొచ్చినా, కుక్కొచ్చినా, గడ్డి కదిలినా గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపుకి మడుగంతా లేచిపోయేది. మూడుసార్లు నక్క ఒడ్డుదాకా వచ్చి, ఆ అరుపు వల్లే ఖాళీ కడుపుతో వెనక్కి పోయాడు.

నాలుగోసారి నక్క దొంగచాటుగా రాలేదు. పట్టపగలు గట్టు మీద దూరంగా కూర్చుని పిలిచాడు.

“రంగప్పగారూ, దగ్గరికి రాను లెండి. నా సంగతి మీకు తెలిసిందే. ఒక్క మాట మీ చెవిన వేసి పోతాను. నిన్న గుడిసె వెనకాల పడుకుని ఉంటే లోపలివాళ్ళ మాటలు వినబడ్డాయి.”

“ఏమంటున్నారేమిటి?”

“‘ఆ కొంగ అందం చూడవయ్యా, సరిగ్గా ఫొటో తియ్యబోయేసరికి ఆ తీతువు అరిచి పాడు చేసింది’ అని ఒకటే గొడవ. ఇలాగైతే గుడిసె ఊడబీకి ఇంకో చెరువుకి పట్టుకుపోతారట.”

రంగప్ప గబుక్కున గుడిసె వైపు తిరిగి చూశాడు.

“మనుషులు రాకపోతే, వాళ్ళ కోసం పెట్టిన కాపలావాడూ రాడు. కాపలావాడు రాకపోతే వలలవాళ్ళు దిగుతారు. నాదేముంది, ఎక్కడైనా బతుకుతాను. మీ పిల్లాజెల్లా గురించే నా బెంగంతా,” అని నిట్టూర్చి నక్క వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి పక్షులన్నీ ఈరమ్మ చుట్టూ చేరాయి.

“ఈరమ్మా, ఇకమీదట గుడిసెలో ఏం కదిలినా నువ్వు నోరెత్తకూడదు,” అన్నాడు రంగప్ప.

“ఈ బుద్ధి ఎవరు చెప్పారు మామా? గట్టు మీద నక్కతో నీ ముచ్చట్లు నేను చూడలేదనుకున్నావా?”

మాణిక్యం ముందుకొచ్చింది. “చెప్పినవాడు వెధవైతే చెప్పింది అబద్ధమైపోతుందా వదినా? నా పిల్లల ఫొటో ఒక్కటి సరిగ్గా పడనిచ్చావా? నీ గొంతు అపశకునమని ఊళ్ళోవాళ్ళు తలుపులేసుకుంటారు. మేం కాబట్టి భరిస్తున్నాం.”

“ఆ గొంతు వల్లే నీ పిల్లలు ఇంకా తొమ్మిదీ ఉన్నాయి మాణిక్యం.”

“దెప్పకు!”

“గొడవెందుకు?” అన్నాడు రంగప్ప. “అరిచావంటే ఈ ఒడ్డు వదిలి పోవలసిందే. అరవకపోతే నీ గుడ్లకి మా అందరి పూచీ.”

గుడ్లని ముక్కున కరుచుకుని ఎక్కడికి పోతుంది? ఈరమ్మ వాటిని ఒకసారి చూసుకుని సరేనంది. అన్న మరుక్షణం ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండు రోజులు మడుగు ప్రశాంతంగా ఉంది. రంగప్పకి మహదానందంగా ఉంది. మూడోనాడు మధ్యాహ్నం వచ్చినవాళ్ళంతా టిఫిన్ డబ్బాలు తీసుకుని టవరు మీదికి వెళ్ళారు. గుడిసె వాకిలికి కట్టిన గోనెపట్టా కదిలింది. దాని కిందనుంచి ఒక తోక లోపలికి పోవడం ఈరమ్మ చూసింది. అరుపు గొంతుదాకా వచ్చింది.

“ష్!” అన్నాడు రంగప్ప. నేలబారు కంతలో రెండు గుండ్రటివి తళతళలాడుతున్నాయి. “రెండు కెమెరాలు! పడుకుని తీస్తున్నారు. మాణిక్యం, పిల్లల్ని దగ్గరగా తీసుకురా.”

“మామా, అవి కెమెరాలు కావు. నేను తోక చూశాను.”

“ఒడ్డు ఖాళీ చేస్తావా?”

ఈరమ్మ కడుపు కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి. ఎదురుగా బాతుపిల్లలు వరసగా నడుస్తున్నాయి. ఆమె గుడ్లనే ఎంచుకుని నోరు మూసుకుంది.

తల్లి వెనక నాలుగో పిల్ల కంత ముందుకి వచ్చేసరికి నక్క బయటికి దూకాడు. అప్పుడిక ఈరమ్మ ఆగలేకపోయింది. మడుగు దద్దరిల్లేట్టు అరుస్తూ గుడ్ల మీదనుంచి లేచింది. అందరికంటే ముందు ఎగిరిపోయినవాడు రంగప్ప. ఈరమ్మ మాత్రం రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ నక్క ముందు దొర్లింది. శత్రువుని పిల్లల దగ్గర్నుంచి మళ్ళించడానికి తీతువు జాతి ఎప్పుడూ ఆడే నాటకమే అది. నక్క అటు కన్నెత్తి చూడలేదు. నాలుగు బాతుపిల్లల్ని కొరికి పడేసి, తీరిగ్గా మూతి నాక్కుని, గులకరాళ్ళ వైపు నడిచాడు.

“నీ గుడ్లు ఎక్కడున్నాయో ఇన్నాళ్ళూ నా కంటికి ఆనలేదు చెల్లెమ్మా. ఇప్పుడు నువ్వే లేచి చూపించావు,” అన్నాడు.

టవరు మీద కెమెరాలు టకటకమన్నాయి. “నక్క! నోట్లో గుడ్డు! అదిరింది!” అని ఎవరో కేక పెట్టారు. కిందికి దిగినవాడు ఒక్కడూ లేడు. నాలుగో గుడ్డు కూడా అయిపోయాక నక్క చచ్చిన బాతుపిల్లల్ని కరుచుకుని గట్టెక్కిపోయాడు.

పొద్దు వాలాక పక్షులు తిరిగొచ్చాయి. మాణిక్యం మిగిలిన అయిదు పిల్లల్నీ రెక్కల కింద దాచుకుని ఏడుస్తోంది. ఈరమ్మ పెంకుల దగ్గర నిలబడి ఉంది. రంగప్ప రెక్కలు సర్దుకుని ఆమె ముందుకొచ్చి, నలుగురూ వినేట్టు అడిగాడు.

“అంత నోరున్నదానివి, తోక కనబడగానే ఎందుకు అరవలేదు?”

మిగతా పక్షులన్నీ అవునవునన్నాయి.

హెచ్చరించే నోరు నొక్కినవాళ్ళే, ఆపద మీద పడ్డాక ముందుగా చెప్పలేదేమని నిలదీస్తారు.